స్లొవేనియాకి వస్తున్నారా? ముందు ఏ ఊరో చూసుకోండి

సందేహం: మా వారికి స్లొవేనియాలో ఉద్యోగం ఖాయమైంది. నేనూ, నాలుగేళ్ల బాబూ తర్వాత వెళ్లాలి. ఆ దేశం గురించి చెప్పేవాళ్లే దొరకడం లేదు. చలి ఎలా ఉంటుంది, తిండి మాటేమిటి, మనుషులు ఎలాంటివాళ్లు? ఇక్కడి నుంచి ఏ కాగితాలు తెచ్చుకోవాలి?

జవాబు: ఉద్యోగం ఏ ఊళ్లోనో మీరు రాయలేదు. అసలు ప్రశ్న అదే. దేశం మొత్తం కలిపి 20,271 చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం జిల్లా కన్నా కాస్త పెద్దది, అంతే. జనం 21 లక్షలు. ఇంత చిన్న దేశం కదా, ఎక్కడైనా ఒకటేలే అనుకుని వచ్చినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఉత్తరాన ఆల్ప్స్, పడమర ఇటలీ పక్కన 46 కిలోమీటర్ల సముద్ర తీరం, మధ్యలో గుహలతో గుల్లబారిన సున్నపురాయి నేల, తూర్పున హంగరీ వైపు చదును పొలాలు. వాతావరణం, వంట, యాస, ఆఫీసు బోర్డుల మీది భాష కూడా ఊరిని బట్టి మారిపోతాయి.

రాజధాని లుబ్ల్యానా అయితే చలికాలం పొగమంచుకి సిద్ధపడండి. ఊరు చుట్టూ కొండలున్న పళ్లెంలాంటి చోట ఉంది, దక్షిణాన పెద్ద చిత్తడి నేల. నవంబర్ నుంచి జనవరి దాకా రోజుల తరబడి సూర్యుడు కనబడకపోవచ్చు. అదే రోజు గంట ప్రయాణం దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న కోపెర్‌లో ఎండ కాస్తూ ఉంటుంది. అయితే అక్కడ బుర్యా అనే ఈశాన్యపు గాలి ఉంది. కొండ మీంచి విపావా లోయలోకి విరుచుకుపడితే ఖాళీ లారీలనీ, ఎత్తైన బండ్లనీ రోడ్డు మీద ఆపేస్తారు. అక్కడి పాత ఇళ్ల పైకప్పు పెంకుల మీద రాళ్లు పెట్టి ఉంటాయి, అందుకే.

నోవో మెస్తో అయితే మందుల పరిశ్రమ ఊరు. హైదరాబాద్‌లో ఫార్మాలో పనిచేసినవాళ్లకి క్ర్కా అనే మందుల కంపెనీ పేరు తెలిసే ఉంటుంది, దాని ముఖ్య కార్యాలయం అక్కడే. మారిబోర్ ద్రాక్షతోటల ఊరు, ఆస్ట్రియాకి దగ్గర. నోవా గోరిత్సా సంగతి వేరు. 1947లో సరిహద్దు గీసినప్పుడు పాత గోరిత్సా పట్టణం ఇటలీకి పోయింది, ఇటు పక్క కొత్త ఊరు కట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు రైల్వే స్టేషన్ ముందు చౌరస్తాలోనే గీత దాటి ఇటలీలోకి నడిచి వెళ్లొచ్చు. 2025లో ఆ రెండు ఊళ్లూ కలిసి యూరప్ సాంస్కృతిక రాజధానిగా నిలిచాయి.

ఈ చరిత్ర కాస్త తెలిసి ఉంటే రోజువారీ విషయాలు కూడా అర్థమవుతాయి. కోపెర్, ఇజోలా, పిరాన్‌లలో బోర్డులన్నీ స్లొవేన్‌తో పాటు ఇటాలియన్‌లోనూ ఉంటాయి. తూర్పు కొసన లెందావాలో హంగేరియన్‌లో ఉంటాయి. వందల ఏళ్లు ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ రాజవంశపు ఏలుబడి, 1918 తర్వాత సెర్బులు, క్రొయాట్లతో కలిసిన రాజ్యం, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, ఇటలీ, హంగరీల మధ్య ముక్కలు, ఆ తర్వాత కమ్యూనిస్టు నేత టిటో ఏలిన యుగోస్లావియా. 1990 డిసెంబర్ 23న ప్రజాభిప్రాయ సేకరణ, 1991 జూన్ 25న స్వాతంత్ర్య ప్రకటన, వెంటనే పది రోజుల యుద్ధం. 2004లో యూరోపియన్ యూనియన్, 2007లో యూరో. ఇంతకాలం సొంత రాజ్యం లేకుండా వాళ్లని కలిపి ఉంచింది భాషే. ప్రిమోష్ త్రుబార్ 1550లో తొలి స్లొవేన్ పుస్తకాలు అచ్చువేశాడు. కవి ప్రెషెరెన్ చనిపోయిన ఫిబ్రవరి 8 దేశమంతటా సెలవు. అందుకే మీరు తప్పుల తడకగా రెండు ముక్కలు స్లొవేన్‌లో మాట్లాడినా ముఖం వికసిస్తుంది. "మీదీ బాల్కన్ దేశమే కదా" అంటే మాత్రం చాలామందికి నచ్చదు.

స్లొవాకియాతో తికమక ఇంకా పాతబడలేదు. బ్యాంకు బదిలీలో, పార్సెల్ చిరునామాలో, బీమా ఫారంలో దేశాల జాబితా నుంచి ఎంచుకునేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూడండి. స్లొవేనియా ఫోన్ కోడ్ 386, దేశపు రెండక్షరాల గుర్తు ఎస్ఐ. కోడ్ 421, గుర్తు ఎస్‌కే అని ఉంటే అది స్లొవాకియా.

ఇక కాగితాలు. పెళ్లి సర్టిఫికెట్, బాబు జనన ధ్రువపత్రం, పోలీస్ క్లియరెన్స్ ఈ మూడింటికీ అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ, వేయించుకుని రండి. పెళ్లి, జనన పత్రాలకి ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ స్టిక్కర్. స్లొవేన్ అనువాదం కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకులే చేయాలి, హైదరాబాద్‌లో ఎవరితోనో చేయించిన అనువాదం పనికిరాదు. పోలీస్ క్లియరెన్స్‌ని మాత్రం మరీ ముందుగా తీసుకోకండి, పాతబడితే మళ్లీ తెమ్మంటారు. మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గరే. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఖాళీగా ఉండి, పెళ్లి సర్టిఫికెట్‌లో పొడి అక్షరాల్లో ఉండి, జనన పత్రంలో తండ్రి పేరు ఇంకోలా ఉంటే అధికారికి అవి ముగ్గురు వేర్వేరు మనుషులవి. ఇండియాలోనే సరిచేయించుకుని బయల్దేరండి.

కుటుంబం ఎప్పుడు రావచ్చన్నది మీ వారి పర్మిట్ రకాన్ని బట్టి ఉంటుంది. బ్లూ కార్డు (ఉన్నత నైపుణ్యం ఉన్న ఉద్యోగులకిచ్చే యూరప్ పర్మిట్) వాళ్లకి, పరిశోధకులకి సులువు. మిగతావాళ్లకి ఆగాల్సి రావచ్చు. ఈ పనులన్నీ చూసేది ఉప్రావ్నా ఎనోటా అనే పాలనా కార్యాలయం, మన తహసీల్దారు ఆఫీసు లాంటిదనుకోండి. ఎమ్షో అనే 13 అంకెల వ్యక్తిగత గుర్తింపు నంబర్, 8 అంకెల పన్ను నంబర్ వచ్చాకే బ్యాంకూ, జీతమూ, ఫోన్ ఒప్పందమూ సాఫీగా నడుస్తాయి. అద్దె ఇల్లు చూసేటప్పుడు అడ్వాన్సు ఇవ్వకముందే ఒక్క మాట అడగండి: "ఈ చిరునామా మీద మా పేర్లు నమోదు చేయించుకోనిస్తారా?" అద్దె ఆదాయం పన్ను లెక్కలోకి వస్తుందని కొందరు ఓనర్లు ఒప్పుకోరు. చిరునామా నమోదు కాకపోతే మిగతా పనులన్నీ వరసగా ఆగిపోతాయి.

మీరు కుటుంబ పర్మిట్ మీద వస్తారు కాబట్టి భాష సంగతి వాయిదా వేయకండి. 2024 నవంబర్ నుంచి పెద్దవాళ్ల కుటుంబ పర్మిట్ పొడిగింపుకి స్లొవేన్ ఎ1 స్థాయి, అంటే ప్రాథమిక స్థాయి, చూపించాలన్న నిబంధన ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకి ప్రభుత్వ ఖర్చుతో కోర్సులున్నాయి. అర్హత పత్రం ఉప్రావ్నా ఎనోటాలోనే ఇస్తారు. వచ్చిన నెలలోనే అడగండి.

జీతం చీటీలో మధ్యాహ్న భోజనానికీ, రాకపోకలకీ విడిగా డబ్బు కనిపిస్తుంది. అదిగాక రెగ్రెస్ అని ఏడాదికోసారి సెలవుల భత్యం. కనీస వేతనానికి తగ్గకూడదు, జూలై 1లోపు ఇవ్వాలి. ఏటా కనీసం నాలుగు వారాల సెలవు చట్టప్రకారం హక్కు. ఆరోగ్య బీమా తప్పనిసరి. అయినా బీమా కార్డు చేతికొచ్చినంత మాత్రాన డాక్టరు దొరికినట్టు కాదు. ప్రతి మనిషీ ఒక సొంత డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, ఆయన రాసిస్తేనే నిపుణుల దగ్గరికి. డాక్టర్ల కొరత వల్ల చాలాచోట్ల కొత్తవాళ్లని తీసుకోవడం లేదు. ఒంట్లో బాగున్నప్పుడే వెతకడం మొదలుపెట్టండి. పిల్లల డాక్టరు, పళ్ల డాక్టరు, ఆడవాళ్లకి గైనకాలజిస్ట్ వేర్వేరుగా ఎంచుకోవాలి.

మనవాళ్లెవరూ ముందుగా చెప్పని విషయం పిడుదు (టిక్) అనే పురుగు. దేశంలో సగానికి పైగా అడవే. వసంతం నుంచి శరదృతువు దాకా గడ్డిలో, పొదల్లో ఈ పురుగులుంటాయి. వీటి వల్ల మెదడువాపు, లైమ్ జబ్బు రెండూ వస్తాయి. మెదడువాపు ఎక్కువగా కనిపించే యూరప్ దేశాల్లో ఇదొకటి. దానికి టీకా ఉంది, మూడు డోసులు. మొదటి రెండూ ఒకటి నుంచి మూడు నెలల తేడాతో, మూడోది ఏడాదిలోపు. చలికాలంలో మొదలుపెడితే ఎండలు వచ్చేసరికి రక్షణ ఉంటుంది. లైమ్‌కి మన చేతిలో ఉన్నది జాగ్రత్త ఒక్కటే. అడవిలో నడిచొచ్చాక మోకాలి వెనక, చంకల్లో, గజ్జల్లో, పిల్లలకైతే చెవుల వెనకా జుట్టులోనూ చూడండి. పురుగు కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగేయాలి. నూనె రాయడం, కాల్చడం వద్దు. తర్వాత వారాల్లో ఎర్రటి వలయం పెరుగుతూ కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి.

అడవికి వెళ్లకుండా ఉంటే సరిపోదా అంటారేమో. ఇక్కడ స్నేహాలు కలిసేదే కొండదారుల్లో. జెండా మీదున్నది కూడా 2,864 మీటర్ల త్రిగ్లావ్ శిఖరమే, జీవితంలో ఒక్కసారైనా ఎక్కాలంటారు. ఎర్రటి వలయంలో తెల్లటి చుక్క కనిపిస్తే అది దారి గుర్తు. వేసవి ముదిరే దాకా పైన మంచు ఉంటుంది, అనుభవం లేనివాళ్లు త్రిగ్లావ్ జోలికి పోకుండా బొహీన్ సరస్సు చుట్టూ తిరగడం మేలు. ఎక్కడ ఆపదొచ్చినా 112. పోలీసులకి 113.

తిండి విషయంలో శాకాహారులు అడిగి తినాలి. జొగాంత్సీ అంటే బక్‌వీట్ పిండి ముద్ద, చూస్తే మన సంకటి చుట్టమే. కానీ పైన చల్లే కరకరలాడే ముక్కలు పంది కొవ్వువి. పుల్లక్యాబేజీ సూపు యోటాలో, బార్లీ రీచెట్‌లో పొగబెట్టిన పంది మాంసం మామూలు. జున్ను పెట్టిన ష్త్రుక్లీ, అక్రోట్ల పొతీత్సా నిశ్చింతగా తినొచ్చు, గుడ్డు తినని వాళ్లు తప్ప. ముదురాకుపచ్చ గుమ్మడిగింజల నూనె ఒకసారి కొనండి, పోపుకి కాదు, సలాడ్ మీద పచ్చిగా. పంపు నీళ్లు తాగొచ్చు. తాగునీటి హక్కుని 2016లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

సూట్‌కేసులో ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు, పప్పులు పెట్టుకోండి. నెయ్యి, కోవా, చికెన్ పచ్చడి వద్దు. పాల, మాంస పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. పచ్చి కరివేపాకుకీ మొక్కల ఆరోగ్య పత్రం కావాలి, ఎండబెట్టింది తెచ్చుకోండి. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు, స్టీలు అడుగున్నది కొనండి.

ఎవరింటికైనా వెళ్తే గుమ్మంలోనే బూట్లు విప్పాలి, ఇంట్లోకి చెప్పులు వాళ్లే ఇస్తారు. ఈ ఒక్క విషయంలో మీకు కొత్తేమీ ఉండదు. లిఫ్టులో ఎదురైనవాళ్లకి "దోబెర్ దాన్" అనకపోతే మాత్రం పొగరనుకుంటారు. ఆదివారాలు, పండగ రోజులు పెద్ద దుకాణాలన్నీ మూత, పెట్రోలు బంకుల్లో, స్టేషన్లలో ఉండే చిన్న కొట్లే దిక్కు. పాలూ కూరలూ శనివారం సాయంత్రమే చూసుకోండి.

కారు కొంటే నవంబర్ 15 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు, లేదా మామూలు టైర్లతో పాటు మంచు గొలుసులు తప్పనిసరి, పగలు కూడా లైట్లు వెలగాలి. హైవే ఎక్కేముందు ఆన్‌లైన్‌లో ఈ-విన్యెట్ అనే టోల్ పాసు కొనాలి. టోల్ గేట్లు కనబడవు కాబట్టి ఉచితమనుకోకండి. కెమెరాలు నంబర్ ప్లేటు చదువుతాయి, కారుకి జరిమానా 300 యూరోల నుంచి మొదలవుతుంది. జాగ్రెబ్ విమానాశ్రయం నుంచి వస్తే క్రొయేషియా కూడా లోపలి సరిహద్దుల్లో మామూలుగా తనిఖీలుండని షెంగెన్ ప్రాంతంలోనే ఉన్నా, 2023 అక్టోబర్‌లో సరిహద్దు తనిఖీలు మళ్లీ పెట్టారు. పాస్‌పోర్టులు, పర్మిట్ కార్డులు డిక్కీలోని పెట్టెలో కాకుండా చేతిసంచిలో ఉంచుకోండి.