ఎండిపోయే చెరువులో చేపలు: ఎప్పుడు పట్టాలి, ఏది ముందు పట్టాలి?

ప్రశ్న: మాది నిండితే 10 ఎకరాల్లో నీరు నిలిచే చిన్న చెరువు. వానలకు నిండి, ఏడెనిమిది నెలల్లో అడుగంటుతుంది. కొంతమంది కలిసి చేపలు పెంచుకుంటున్నాం. పోయినసారి అంగుళం పిల్లలు 40 వేలు వదిలాం. నీళ్లు మోకాలి లోతుకు వచ్చాక ఒకేసారి వల లాగుదామని ఆగాం. అంతలో ఒకరోజు మబ్బు పట్టింది, తెల్లారేసరికి చాలా చేప చచ్చి తేలింది. మిగిలిన చేపల్లో పావుకిలో దాటినవి తక్కువే. ఈసారి ఎన్ని పిల్లలు వదలాలి, ఎప్పుడు పట్టాలి? కొత్తనీటికి ఎదురెక్కే చేపను అప్పుడే పట్టేద్దామని కొందరు, ఆఖరి మడుగులో మందు కలిపి ఏరుకుందామని ఇంకొందరు అంటున్నారు. ఏది మంచిది?

సమాధానం: మీ నష్టానికి కారణం రోగం కాదు, ఆగడం. ఎండిపోయే చెరువులో చేప ఎంత పెరిగిందని చూసి పట్టుబడి మొదలుపెట్టకూడదు, నీరు ఎంత మిగిలిందని చూసి మొదలుపెట్టాలి. ఒక్క రోజు పెద్ద పట్టుబడి కోసం చూడకుండా, నీరు సగానికి వచ్చినప్పటి నుంచి విడతలుగా తీసుకుంటూ పోవాలి.

మీ చెరువు లెక్కే చూద్దాం. నిండినప్పుడు 10 ఎకరాలు, సగటున 2 మీటర్ల లోతు అనుకోండి. చివరికొచ్చేసరికి 3 ఎకరాలు, ముప్పావు మీటరు లోతు మిగిలిందంటే ఉన్న నీరు మొదటి దాంట్లో తొమ్మిదో వంతు. ఈలోగా 50 గ్రాముల చేప అరకిలో అయితే చేపల మొత్తం బరువు పది రెట్లు పెరిగింది. అంటే ఒక్కో లీటరు నీటి మీద పడే చేపల బరువు సుమారు 90 రెట్లు. పైగా వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. పగలు ఎండకు నాచు ప్రాణవాయువు తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు, అడుగున కుళ్లే బురద, చేపలు అన్నీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువ. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే చేప హాయిగా ఉంటుంది, 3కి దిగితే మేత తగ్గిస్తుంది, 1 దగ్గరికి వస్తే బొచ్చె, రోహు లాంటి కార్పు జాతి చేపలు బతకడం కష్టం. మబ్బు రోజున నాచు సరిగ్గా పనిచేయదు కాబట్టి ఆ రాత్రికి నిల్వ చాలదు. మీ చెరువులో జరిగింది ఇదే.

ఇక ఏది ముందు పట్టాలి? చాలామంది దీని గురించి ఆలోచించరు, కానీ ఎండే చెరువులో లాభనష్టాలు ఎక్కువగా తేలేది ఇక్కడే. మొదట బొచ్చె. అది పైనీటిలో తిరిగే చేప, త్వరగా బరువొస్తుంది, ప్రాణవాయువు తగ్గితే ముందు చచ్చేదీ అదే. నీరు సగమున్నప్పుడే వెడల్పు కన్నుల వలతో పెద్ద బొచ్చెలను తీసేయండి. మిగిలిన వాటికి చోటు, మేత దొరికి అవి ఊపందుకుంటాయి. తరువాత నడినీటిలో ఉండే రోహు. అడుగున తిరిగే మోసు, బంగారుతీగ లోతు నీటిలో వలకు సరిగ్గా చిక్కవు. వాటిని నీరు బాగా తగ్గాక లాగుడు వలతో పట్టాలి. కొర్రమీనుకు గాలి పీల్చుకునే శక్తి ఉంది, బురద నీటిలోనూ బతుకుతుంది. దాని కోసం తొందర పడక్కర్లేదు, ఆఖరున పట్టుకోవచ్చు.

ఈ విడతల పట్టుబడిలో వల కన్ను పెద్దదిగా ఉండాలి. కన్నును పూర్తిగా సాగదీసి ముడి నుంచి ముడికి కొలిచి చూసుకోండి. చిన్న చేప దాటిపోయి, అమ్మదగ్గ చేప మాత్రమే ఆగాలి. దోమతెర లాంటి వలలు దించితే కొన్ని నెలలు ఆగితే కిలోల్లో రావాల్సిన చేప ఇప్పుడు గ్రాముల్లో వస్తుంది. ఏ సైజు ఎప్పుడు తీయాలో తెలియాలంటే నెలకోసారి విసురు వలతో పాతిక ముప్పై చేపలు పట్టి, సగటు బరువు రాసుకుని వదిలేయండి. ఒక నెల నుంచి ఇంకో నెలకు బరువు పెరగడం లేదంటే చెరువులో చేప ఎక్కువైందని అర్థం. అప్పుడు కొంత తీసేయాల్సిందే.

నీరు నడుములోతుకు దిగాక తెల్లవారుజామున లాగుడు వల లాగకండి. బురద లేచి ఉన్న కాస్త ప్రాణవాయువు కూడా పోతుంది. ఎండ పడి కాస్త పొద్దెక్కాక, ఒక్కో రోజు ఒక్కో వైపు లాగండి. ఎప్పుడైనా తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తూ కనిపిస్తే టెన్షన్ పడి వలలు దించకండి. పేడ, మేత వేస్తుంటే ఆపండి. మోటారు పెట్టి చెరువు నీటినే పైకి చిమ్మి చెరువులో పడేలా చేయండి. బోరు నీరు పెడితే అది కూడా పైనుంచి చిమ్మేలా పడాలి, ఎందుకంటే భూగర్భ జలంలో ప్రాణవాయువు సాధారణంగా తక్కువ. చేపలు తేరుకున్నాక, అదే రోజు పట్టుబడి పెంచండి.

తూము గురించి ఒక మాట. మీ చేపల గడువు వానల మీద కన్నా తూము మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. పొలాలకు నీరు ఎప్పుడెప్పుడు వదులుతారో ఆయకట్టు రైతులతో ముందే మాట్లాడుకోండి. పెద్ద తడికి ముందే ఒక విడత చేప బయటికి వచ్చేయాలి. తూము దగ్గర లోతు గుంట ఉంటే దాన్ని పూడనివ్వకండి.

ఇప్పుడు పిల్లల సంగతి. అంగుళం పిల్ల కొర్రమీనుకు, వాలుగకు, మట్టగిడసకు మేత. 40 వేలు వదిలారంటే చాలా భాగం వాటి కడుపులోకే పోయి ఉంటుంది, బతికినవి ఇరుకులో ఎదగలేదు. ఏడెనిమిది నెలల నీటికి కనీసం 8 నుంచి 10 సెంటీమీటర్ల పిల్ల కావాలి, 50 నుంచి 100 గ్రాముల ఎదిగిన పిల్ల దొరికితే ఇంకా మేలు. మేత వేయని చెరువైతే ఎకరాకు 1,000 మించొద్దు. ఎకరాలు లెక్కించేటప్పుడు నిండిన రోజు విస్తీర్ణం కాకుండా సీజన్ మధ్యలో నిలిచే నీటిని తీసుకోండి. మీకు అది 6 ఎకరాలైతే 6 వేలు చాలు. పదింటిలో 4 బొచ్చె, 3 రోహు, 3 మోసు లేదా బంగారుతీగ వేసుకోండి. తక్కువ కాలంలో బరువొచ్చే బంగారుతీగ ఇలాంటి చెరువుకు బాగా నప్పుతుంది, కాకపోతే కట్టను తవ్వే అలవాటుంది, కట్ట బలం చూసుకోండి. అలుగుకు జాలీ పెట్టి, వరద ఉధృతి తగ్గాక పిల్లలు వదలండి. జాలీకి చెత్త పట్టకుండా రోజూ తీయాలి, లేదంటే కట్టకే ప్రమాదం. పిల్లల సంచిని చల్లటి పూట 15, 20 నిమిషాలు నీటిపై తేలనిచ్చి, మెల్లగా చెరువు నీరు కలిపి వదలండి.

కొత్తనీటికి ఎదురెక్కే చేపను పట్టడం నాకు ఇష్టం లేదు. బొచ్చె, రోహు, మోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద నీరు కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి మెదడు కింద ఉండే పీయూష గ్రంథి సారం ఇంజెక్షన్‌తో కార్పు జాతి చేపలచేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాకే హేచరీ పిల్లలు మనకు అందుబాటులోకి వచ్చాయి. అంటే ఈ మూడింటి పిల్లలు మీరు ఎలాగూ బయటి నుంచి తెచ్చుకోవాలి. కానీ పరకలు, జెల్లలు, కొర్రమీను లాంటి స్థానిక చేపలకు మొదటి వానలే గుడ్లు పెట్టే కాలం. కొర్రమీను జంట ఎర్రటి గుంపుగా తిరిగే తన పిల్లలకు కాపలా కాస్తుంది. ఆ సమయంలో పెద్ద చేపను పట్టేస్తే పిల్లల గుంపు మిగతా చేపల పాలవుతుంది. నీరు చేరిన మొదటి రెండు నెలలు పట్టుబడికి వల దించకండి. వేటాడే చేపలని వాటిని తుడిచిపెట్టాల్సిన పని కూడా లేదు, మింగలేనంత పెద్ద పిల్లను వదిలితే చాలు.

ఆఖరి మడుగులో మందు మాత్రం వద్దే వద్దు. పురుగుమందైనా, బ్లీచింగ్ అయినా సరే. తినేవాళ్లకు, ఆ నీరు తాగే పశువులకు ప్రమాదం. వచ్చే ఏడాదికి విత్తనంగా మిగలాల్సిన స్థానిక చేప కూడా చచ్చిపోతుంది. మడుగులో చేప పట్టడం కష్టంగా ఉంటే మోటారు నీరు పీల్చే గొట్టానికి జాలీ కట్టి నీరు తగ్గించండి. ఊతలతో (చేప మీద బోర్లించి పట్టే బుట్టలు), చేతులతో పెద్దవి ఏరుకుని, తూము దగ్గరి గుంటలో కొంత నీరు, కొంత చేప వదిలేయండి. పట్టిన చేపను శుభ్రమైన నీటిలో కడిగి, ఎండ వేళైతే చేప ఎంతో అంతే బరువు పొడి చేసిన ఐసు పొరలు పొరలుగా వేసి నీడన పెట్టండి.