‘ఉన్నా’ కొట్టేశాను

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నల్లవారి ఫొటోల మీద నీ వ్యాసం అందింది. న్యూయార్క్‌లో నల్లవారి పేట హార్లెమ్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ జేమ్స్ వాన్ డెర్ జీ 1932లో తీసిన నల్లజంట ఫొటో గురించిన పేరా రెండుసార్లు చదివాను. వీధిలో కాడిలాక్ కారు, అందులో కూర్చున్న ఆయన, పక్కన నిలబడ్డ ఆమె, ఇద్దరికీ రకూన్ బొచ్చుకోట్లు. అమెరికా మాంద్యంలో అల్లాడుతున్న ఏడాది అదేనని గుర్తుచేయడమూ బాగుంది. కానీ “నల్లగా ఉన్నా ఎంత హుందాగా ఉన్నారో” అన్నావు చూడు, అక్కడ నా ఎర్ర పెన్ను ఆగింది. ‘ఉన్నా’ కొట్టేశాను.

ఆ మాట నీది కాదని తెలుసు. పెళ్లిచూపులు ముగించుకుని అరుగు మీద కూర్చున్న పెద్దలది. “నల్లగా ఉన్నా కళగల ముఖం” అని నన్నూ అన్నారు. నలుపు నారాయణ మెచ్చు అని ఓదార్చినవాళ్లే సంబంధాలకు పంపడానికి నాకు ఫొటో తీయించారు. స్టూడియో ఆయన నెగటివ్ మీద పెన్సిలు రుద్ది నన్ను తెల్లగా చేశాడు. వచ్చినవాళ్లు ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూశారు. ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

వాన్ డెర్ జీ కూడా నెగటివ్ మీద పెన్సిలు పెట్టేవాడు. వంకర పన్ను సరిచేసేవాడు, మెడలో లేని నగ గీసేవాడు. డబ్బులిచ్చి కూర్చున్న మనిషి ఎలా కనబడాలని ముస్తాబై వచ్చిందో ఆ వైపుకే ఇంకో అడుగు వేసేవాడు. నా ముఖం మీద పెన్సిలు నన్నడిగి కదల్లేదు.

ఇక క్రియ సంగతి. నీ వ్యాసం నిండా ‘ఫొటో తీశారు’ అనే ఉంది. మన భాషలో తీయడం వేరు, తీయించుకోవడం వేరు. 1850లో దక్షిణ కరొలైనాలోని కొలంబియాలో, బానిసత్వంలో ఉన్న రెంటీని, ఆయన కూతురు డీలియాను బట్టలు తీయించి జోసెఫ్ జీలీ కెమెరా ముందు నిలబెట్టారు. జాతులు వేరువేరుగా పుట్టాయని నిరూపించాలనుకున్న హార్వర్డ్ ప్రొఫెసర్ లూయీ అగసీ కోసం. అక్కడ ‘తీశారు’ అనే రాయాలి. అమెరికా నల్లజాతి కళాకారిణి కారీ మే వీమ్స్ 1990లలో ఆ బొమ్మలనే తీసుకుని ఎర్రరంగు పులిమి, పైన గాజు మీద అక్షరాలు చెక్కింది. ఆ క్రియను నేరారోపణగా మార్చింది.

సోజర్నర్ ట్రూత్ మాత్రం తీయించుకుంది. బానిసగా పుట్టిన, అక్షరం రాని మనిషి. 1864లో తన ఫొటో కార్డులకు తన పేరిటే కాపీరైటు రాయించుకుని అమ్మింది. అసలును పోషించడానికి నీడను అమ్ముతున్నానని కింద అచ్చువేయించింది. ఫొటోను నీడ అనడం అప్పటి వాడుక. మనకూ అది ఛాయాచిత్రమే కదా! ఛాయ అంటే నీడ, ఛాయ అంటే ఒంటి రంగు కూడా. ఇంగ్లీషులో రాసేవాళ్లకు లేని ఈ మాట నీ చేతిలో ఉంది, వాడుకో.

బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీదే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ గురించి రెండు పేజీలు ఎక్కువ. దాదాపు 160 ఫొటోలు దిగాడు, నల్లవారిని ఇకిలించే బొమ్మలుగా గీసే రోజుల్లో కెమెరా ముందు నవ్వకుండా కూర్చున్నాడు. అది చాలు.

మిగిలిన చోటును సెనెగల్‌లోని డకార్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ ఒమర్ విక్టర్ డియోప్‌కు ఇవ్వు. 2014లో చేసిన స్వీయచిత్రాల వరుసలో ఫుట్‌బాల్ సామగ్రిని పట్టుకుని చరిత్రలోని ఆఫ్రికా సంతతివారి వేషం కట్టాడు. వాళ్లలో మాలిక్ అంబర్ ఉన్నాడు: ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడై, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడుపుతూ మొగలులను ఎదిరించినవాడు. మన దక్కను మనిషే. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ మీదుగా రోజూ బస్సులో వెళ్తావు. ఆ పేరు నిజాం ఆఫ్రికన్ అశ్వదళానిదని నీ వ్యాసంలో ఎక్కడా లేదు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఆ పేటలో ఉన్నారు. ఒకసారి దిగి చూసిరా. కెమెరా మాత్రం సంచిలోనే ఉంచు, వాళ్లు అడిగేదాకా.

తిరగరాసి దసరాలోపు పంపు.

ఇట్లు,
అత్తయ్య