జీఎంపీతో పని మొదలుపెడుతున్న అమ్మాయికి

లాసన్స్‌బే కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. పరిశోధనకు గ్వానోసిన్ మోనోఫాస్ఫేట్‌ను, అంటే లాబ్‌లో అందరూ జీఎంపీ అనే పదార్థాన్ని, ఎంచుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. లోహ అయాన్ మారితే న్యూక్లియోటైడ్లు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను కట్టే ఇటుకలు) ఒకదానితో ఒకటి చేరే కూర్పు ఎలా మారుతుందో చూడడానికి ఇంతకంటె తగిన పదార్థం లేదని నా నమ్మకం. దీని గాఢ ద్రావణం జెల్‌గా గడ్డకడుతుందని 1910లోనే ఐవార్ బాంగ్ గమనించాడు. కారణం తెలియడానికి మాత్రం మరో యాభై రెండేళ్లు పట్టింది. 1962లో గెల్లర్ట్, లిప్సెట్, డేవీస్ ఎక్స్-కిరణ వివర్తనం ఆధారంగా, జీఎంపీ అణువులోని గ్వానైన్ అనే వలయ భాగాలు నాలుగు కలిసి ఎనిమిది హైడ్రోజన్ బంధాలతో ఒక చదునైన పలకగా ఏర్పడి, అలాంటి పలకలు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయని ప్రతిపాదించారు.

అయాన్ పాత్ర ఆ పలకల నడుమనే ఉంది. ప్రతి పలక మధ్యకు నాలుగు ఆక్సిజన్లు ముఖం పెట్టి ఉంటాయి. రుణావేశం వైపు మొగ్గిన ఆ ఆక్సిజన్లు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి కనుక, వాటిని శాంతపరచే ధన అయాన్ లేకపోతే పలకల దొంతర నిలబడదు. పొటాషియం రెండు పలకల మధ్య చేరి ఎనిమిది ఆక్సిజన్లనూ అందుకుంటుంది. దానికంటె చిన్నదైన సోడియం కూడా పనికివస్తుంది గాని, నిలకడ తక్కువ. లిథియం దాదాపు పనికిరాదు. దీన్ని పరిమాణంతోనే వివరించి ఊరుకోవద్దు. లోపలికి వెళ్లే ముందు అయాన్ తన చుట్టూ ఉన్న నీటిని వదులుకోవాలి. అయాన్ చిన్నదయ్యే కొద్దీ నీటిని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, సోడియం కంటె పొటాషియానికి ఆ ఖర్చు తక్కువ. నీ సిద్ధాంత వ్యాసంలో ఈ విషయానికి తగినంత చోటు ఇవ్వు.

ఇక అసలు మాట. నీవు కలిపిన అయాన్ కంటె, నీకు తెలియకుండా గొట్టంలో చేరిన అయాన్ గురించి ఎక్కువ ఆలోచించు. బజారులో దొరికే జీఎంపీ డైసోడియం లవణం. లిథియం ప్రభావం చూడాలంటే ముందు ఆ సోడియాన్ని అయాన్ మార్పిడి రెసిన్‌తో తొలగించి, వచ్చిన ఆమ్ల రూపాన్ని ఆలస్యం చేయకుండా లిథియం హైడ్రాక్సైడ్‌తో తటస్థం చేయాలి. నేను సరిగ్గా ఇక్కడే మూడు నెలలు పోగొట్టుకున్నాను. నా లిథియం నమూనాలో పలకలు ఏర్పడినట్లు సంకేతాలు కనిపించాయి. కొత్త విషయం కనుగొన్నానని రాత్రులు నిద్రపట్టలేదు. చివరికి తేలినదేమిటంటే, తటస్థం చేస్తున్నంతసేపూ పీహెచ్ ఎలక్ట్రోడ్‌ను ఆ కొద్దిపాటి ద్రావణంలోనే ముంచి ఉంచాను. ఎలక్ట్రోడ్ లోపల ఉండేది 3 మోలార్ పొటాషియం క్లోరైడ్. ఒక మిల్లీలీటరు ద్రావణంలోకి అది 5 మైక్రోలీటర్లు కారినా పొటాషియం 15 మిల్లీమోలార్ అవుతుంది. అందుచేత చుక్క ద్రావణాన్ని బయటకు తీసి కొలిచి, ఆ చుక్కను పారబొయ్యి. బఫర్‌గా, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచడానికి, సోడియం, పొటాషియం లవణాలతో చేసే ఫాస్ఫేట్ వద్దు, ట్రిస్ వాడు. లోహ అయాన్లను బంధించడానికి వాడే ఈడీటీఏ డైసోడియం లవణం కూడా సోడియాన్నే మోసుకొస్తుందని గుర్తుంచుకో.

మన ఊళ్లో ఇంకొక చిక్కు ఉంది. బీచ్ వైపు కిటికీ తెరిచి ఉంచితే, సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు కడిగి ఆరబెట్టిన గాజుసామానుపై చేరుతుంది. సాయంత్రం కళ్లద్దాలు తుడుచుకునేటప్పుడు వేలికి తగిలే ఆ జిడ్డులో సోడియం ఉంది. సామాను మూసి ఉంచు, గాజు బదులు ప్లాస్టిక్ గొట్టాలు వాడు. లిథియం క్లోరైడ్‌ను ఇక్కడి తేమలో తూచడం కూడా కష్టమే: త్రాసు పళ్లెంలో పోసిన పొడి నీవు అంకె రాసుకునేలోగా అంచుల వెంట తడిసి మెరుస్తుంది, బరువు పెరుగుతూనే ఉంటుంది. ఓవెన్‌లో ఆరబెట్టి, తేమ చేరని డెసికేటర్ పాత్రలో చల్లార్చి, త్వరగా తూచు.

జీఎంపీ గాఢతను కూడా బరువును బట్టి లెక్కించవద్దు, ఎందుకంటే ఆ లవణంలో ఉండే నీటి పాలు ఒకేలా ఉండదు. నమూనాను కూర్పు పూర్తిగా విడిపోయేంత పలుచన చేసి, 252 నానోమీటర్ల దగ్గర శోషణ కొలిచి, 13,700 మోలార్ శోషణ గుణకంతో లెక్కగట్టు.

ఎన్‌ఎంఆర్‌కు, అంటే అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల సంకేతాలు చూసే పద్ధతికి, పూర్తి భారజలం వాడితే గ్వానైన్ ఇమినో ప్రోటాన్లు (వలయంలోని నత్రజనికి అంటిన హైడ్రోజన్లు) భారజలంలోని డ్యుటీరియంతో మారిపోయి కనిపించవు. తొమ్మిది పాళ్లు మామూలు నీరు, ఒక పాలు భారజలం తీసుకుంటే, హైడ్రోజన్ బంధంలో ఉన్నవి స్పెక్ట్రమ్ కొలబద్దపై 10.5 నుంచి 12 పీపీఎం మధ్య కనిపిస్తాయి. వేడికి ఈ కూర్పు విడిపోతుంది, చల్లారాక తిరిగి చేరడానికి సమయం పడుతుంది. రాత్రి ఏసీ ఆపేసే గదిలో ఉదయం తీసిన స్పెక్ట్రమ్‌నూ సాయంత్రం తీసినదాన్నీ పోల్చకు. ప్రతి నమూనానూ ఒకే విధంగా వేడిచేసి, ఒకే వేగంతో చల్లార్చి, ఒకే ఉష్ణోగ్రత దగ్గర కొలువు.

రాగి అయాన్లు కూడా చూస్తానన్నావు. వాటిని చివరకు ఉంచు. రాగి గ్వానైన్‌లోని ఏడవ నత్రజనిని పట్టుకుంటుంది. పలకలోని హైడ్రోజన్ బంధాలకు కావలసినదీ ఆ నత్రజనే. పైగా రాగి పారామాగ్నెటిక్ కావడం వల్ల ఎన్‌ఎంఆర్ గీతలు వెడల్పై మాయమవుతాయి. గీత పోయిందంటే కూర్పు చెదిరిందనుకుంటావేమో. అది రాగి అయస్కాంత ప్రభావం మాత్రమే కావచ్చు. ఆ రెండింటినీ వేరుచేయడానికి సర్క్యులర్ డైక్రోయిజం (కుడి, ఎడమ వృత్తాకార ధ్రువిత కాంతుల శోషణలో తేడా కొలవడం) వంటి మరొక పద్ధతి చేతిలో ఉంచుకున్నాకే రాగి సీసా మూత తియ్యి.

లిథియం, సోడియం, పొటాషియం నమూనాల మొదటి స్పెక్ట్రా రాగానే ఆదివారం ఇంటికి తీసుకురా. బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని ఇద్దరం చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న