ఆటోమేటిక్ కారుని మాన్యువల్‌కి మార్చుకోవచ్చా? మార్చుకున్నవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ: మీది 2011 మోడల్ ఆటోమేటిక్, గేర్‌బాక్స్ పోయింది, కొత్తదానికి లక్షా ఎనభై వేలు చెబుతున్నారు. పాత మాన్యువల్ గేర్‌బాక్స్ వేస్తే నలభై వేలలో అయిపోతుందని ఒక మెకానిక్ అన్నాడు. నమ్మొచ్చా? కారు మీరూ మీ ఆవిడా ఇద్దరూ నడుపుతారు.

పని అవుతుంది. నలభై వేలలో మాత్రం అవ్వదు. 2018లో మా నాన్నగారి కారుకి విజయవాడ ఆటోనగర్‌లో ఇదే చేయించాను. ముందు నాకు చెప్పింది నలభై అయిదు, చివరికి అయింది డెబ్భై ఒక్క వేలు. నాలుగు రోజులన్న పనికి పందొమ్మిది రోజులు పట్టింది.

మాది సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్. అందులో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లేదు, గేర్‌బాక్స్ లోపల ఆయిల్‌లో మునిగి ఉండే స్టార్ట్ క్లచ్చే బండిని కదిలిస్తుంది. తొంభై వేల కిలోమీటర్ల దాకా ఆ ఆయిల్ ఒక్కసారి కూడా మార్పించలేదు. తప్పు మాదే. సిగ్నల్ దగ్గర ఆగి కదిలినప్పుడల్లా బండి చలిజ్వరం వచ్చినట్టు వణికేది. కొన్నాళ్లకి కదలడమే మానేసింది.

ఆటోనగర్‌లో ఒక స్క్రాప్ షాపులో అదే మోడల్ మాన్యువల్ గేర్‌బాక్స్ పద్దెనిమిది వేలకి దొరికింది. డబ్బు ఇవ్వబోతుంటే మా మెకానిక్ భాయ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "తలుపు ఒక్కటే కొంటే సరిపోద్దా బాబూ, గుమ్మం ఎవరిస్తారు?" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు గానీ ఈ పనిలో అసలు కిటుకు అదే. గేర్‌బాక్స్ ఈ లెక్కలో సులువుగా దొరికే వస్తువు. దాని చుట్టూ ఉండే చిన్నాచితకా సామానే ప్రాణం తీస్తుంది.

వెనక నుంచి లారీ గుద్దిన ఒక మాన్యువల్ కారు, అదే మోడల్, అదే ఇంజిన్, ఇంకో షాపులో దొరికింది. దాంట్లోంచి గేర్‌బాక్స్‌తో పాటు ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే చక్రం), పెడల్ సెట్టు, పెడల్ నొక్కుడుని క్లచ్‌కి అందించే మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్, గేర్ రాడ్, దాని కేబుళ్లు, గేర్‌బాక్స్ మౌంటింగ్, యాక్సిళ్లు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు), ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి కాకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం), తాళంచెవి, చివరికి అది పెట్టి తిప్పే తాళం బుడ్డీతో సహా మొత్తం ముప్పై ఎనిమిది వేలకి మాట్లాడుకున్నాం. క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మాత్రం పాతవి వద్దు, కొత్తవే వేయించండి. గేర్‌బాక్స్ దించినప్పుడే క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనకవైపు ఆయిల్ సీల్ కూడా మార్పించండి. ఆ చిన్న సీల్ తర్వాత కారితే మళ్లీ గేర్‌బాక్స్ అంతా దించాలి.

మీది టార్క్ కన్వర్టర్ రకం అయితే ఇంకో సంగతి. ఆటోమేటిక్ ఇంజిన్‌కి వెనక పల్చటి రేకులాంటి ప్లేటు ఉంటుంది. మాన్యువల్‌కి బరువైన ఫ్లైవీల్ కావాలి. కొన్ని ఇంజిన్లలో గేర్‌బాక్స్ ఇరుసు కొనని పట్టుకునే పైలట్ బేరింగ్ కూడా క్రాంక్ చివర కూర్చోవాలి. ఆటోమేటిక్‌ క్రాంక్‌కి ఆ గుంట తీసి ఉందో లేదో కన్వర్టర్ విప్పి కళ్లతో చూశాకే మిగతా సామాను కొనండి.

మెకానికల్ పని అయిదు రోజుల్లో అయిపోయింది. రెండు రకాలకీ బాడీ ఒకటే కాబట్టి క్లచ్ మాస్టర్ సిలిండర్ రావాల్సిన చోట రేకు మీద గుర్తులు ఉన్నాయి, తివాచీ ఎత్తి చూస్తే కనిపించాయి. అక్కడ కన్నం పెడితే సరిపోయింది. మిగతా రెండు వారాలూ వైరింగే తినేసింది.

మొదట సెల్ఫ్ కొట్టలేదు. ఆటోమేటిక్‌లో లీవర్ పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టర్‌కి కరెంటు వెళ్తుంది. ఆ స్విచ్ పాత గేర్‌బాక్స్‌తో పాటే పోయింది. కుర్ర ఎలక్ట్రీషియన్ రెండు వైర్లు కలిపేసి "అయిపోయింది సార్" అన్నాడు. నేను కూర్చుని తాళం తిప్పాను. బండి ఫస్ట్ గేర్‌లో ఉంది. ఒక్క గెంతు గెంతి షెడ్డులో పేర్చిన టైర్ల మీదకి ఎక్కింది. అక్కడ టైర్లు కాక మనిషి ఉండుంటే? మర్నాడు క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యేలా పెడల్ దగ్గర స్విచ్ పెట్టించాను. ఆ వైర్లు ఊరికే కలిపేస్తానంటే మీరు ఒప్పుకోకండి.

తర్వాత తాళంచెవి బయటికి రాలేదు! లీవర్ పార్క్‌లో ఉంటే తప్ప చెవి రాకుండా లోపల ఒక లాక్ ఉంటుంది, ఇప్పుడు పార్క్ అనేదే లేదు కదా. అందుకే తాళం బుడ్డీ కూడా కొనిపించాడు భాయ్. ఇంజిన్ లైటు కూడా వెలుగుతూనే ఉండేది, ఇప్పుడు లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కోసం పాత ఈసీయూ వెతుక్కుంటోంది మరి. ఈసీయూ, ఇమ్మొబిలైజర్, తాళంచెవిలోని చిప్పు మూడూ ఒకే బండివి వేస్తే ఆరిపోయింది. మాది పాత మోడల్ కాబట్టి అంతటితో పోయింది. కొత్త కార్లలో బ్రేకుల ఏబీఎస్, మీటరు, ఈసీయూ అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటుంటాయి. వాటి జోలికి నేనైతే వెళ్లను.

ఇది చదివే ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) కార్ల వాళ్లకి కూడా ఒక మాట. 2014లో సెలెరియోతో మన దగ్గర మొదలైన ఆ రకంలో లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కి గేరు మార్చే పని ఒక యాక్చువేటర్ చేస్తుంది. పాడైంది అదే అయితే దాన్ని బాగు చేయించుకోండి, మార్పిడి దేనికి?

చట్టం సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. చాలా ఆర్సీల్లో మోడల్ పేరు పక్కనే ఏటీ అనో సీవీటీ అనో ఉంటుంది. అందుకని సామాను కొనకముందే ఆర్టీఓ ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వాళ్లనీ కాగితం మీద అడగండి. నేను ఇన్సూరెన్స్ వాళ్లకి పని అయ్యాక చెప్పాను. చెప్పినప్పటినుంచి రెన్యువల్ అయ్యేదాకా ఒకటే టెన్షన్. స్క్రాప్ షాపు నుంచి ఆ పాత బండి ఛాసిస్ నంబరుతో సహా బిల్లు తీసుకోండి, దొంగ సామాను అన్న మాట రాకుండా.

నన్నడిగితే, మీ కారు అమ్మితే ఎంతొస్తుందో ముందు కనుక్కోండి. రెండు లక్షల లోపే అయితే, పోయిన గేర్‌బాక్స్‌తోనే అమ్మేసి ఇంకొకటి చూసుకోవడం మేలు. అదే ఇంజిన్‌తో మాన్యువల్ మోడల్ వచ్చి ఉండి, సామాను తీసుకోవడానికి అలాంటి పూర్తి పాత బండి ఒకటి దొరికి, మెకానిక్ ఇదివరకు ఈ పని చేసిన మనిషైతే, అప్పుడు ఆలోచించండి.

అన్నట్టు, మీ ఆవిడని అడిగారా? నేను మా అమ్మని అడగలేదు. ఆవిడ టీచరు, యాభై రెండేళ్లప్పుడు ఆ ఆటోమేటిక్ మీదే డ్రైవింగ్ నేర్చుకుంది. రోజూ స్కూలుకి తనే నడుపుకుంటూ వెళ్లేది. మార్పించాక కాలనీలో నాలుగు రోజులు ప్రాక్టీసు చేసింది. అయిదో రోజు బెంజి సర్కిల్ దగ్గర బండి ఆగిపోయింది, మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ఆగింది, వెనక బస్సు హారను ఆపడం లేదు. ఇంటికొచ్చి తాళంచెవి టీవీ మీద పెట్టేసింది. రిటైరయ్యేదాకా స్కూలుకి షేర్ ఆటోలోనే వెళ్లింది.