స్టార్టర్ మోటార్ వెనక బోల్టుకి పానా అందడం లేదు, ఇంజిన్ దించకుండా విప్పడం ఎలా?

స్టార్టర్ మోటార్ బోల్టుల్లో ఒకటి తేలిగ్గానే వచ్చింది, కార్బురేటర్ కింద ఉన్న రెండోది రావడం లేదు, సాకెట్ (బోల్టు తలమీద కూర్చునే గొట్టం లాంటి పానా) పెడితే దాన్ని తిప్పే పిడి, అంటే రాచెట్, ఫ్రేముకి తగులుతోంది, ఓపెన్ పానా జారిపోతోంది, ఇంజిన్ దించక తప్పదా అని అడిగారు. తప్పుతుంది. నా బైకుకి ఇదే పని ఇంట్లోనే చేశాను. ఇంజిన్ దాని చోటు నుంచి కదల్లేదు.

అన్నిటికంటే ముందు ఆ ఓపెన్ పానా పక్కన పెట్టేయండి. అది బోల్టు తలను రెండు వైపులే పట్టుకుంటుంది. బలం పెట్టగానే దాని నోరు కాస్త తెరుచుకుని మూలలు అరిగిపోతాయి. బయట ఉన్న బోల్టు అయితే తల అరిగినా ఏదో ఒకటి చేయొచ్చు. మీరు చెప్పిన చోటికి డ్రిల్లు కూడా పోదు.

ఇలాంటి బోల్టు తీయడంలో నిజానికి రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది కదిలించడం, రెండోది తిప్పుతూ బయటికి తేవడం. కదిలించడానికి తలమీద నేరుగా, నిండుగా కూర్చునే గట్టి పరికరం కావాలి. ఒకసారి కదిలాక బలంతో పని లేదు, కొంచెం కొంచెంగా తిప్పగలిగేది ఏదైనా చాలు. చేయి పట్టని చోటు కదా అని యూనివర్సల్ జాయింట్ (ఎటైనా వంగే కీలు) తగిలించి దానితోనే రెండు పనులూ చేయబోతే తల పాడవుతుంది. జాయింట్ ఎంత వంగితే సాకెట్ అంత పక్కకి ఒరుగుతుంది. మీది ఎలెన్ బోల్టు (తలలో ఆరు మూలల గుంట ఉండేది) అయినా ఇదే లెక్క. ఎలెన్ కీకి ఉండే గుండ్రటి కొన వాలుగా తిప్పడానికి బాగుంటుంది గానీ దాని మెడ సన్నం. కదిలించేటప్పుడు మామూలు కొననే వాడండి.

సాకెట్ నేరుగా కూర్చోవాలంటే ముందు దారి చేయాలి. నేను ఎక్కువ సమయం పెట్టింది దీనిమీదే, అది వృథా అని ఒక్కసారి కూడా అనిపించలేదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాను. పెట్రోల్ ట్యాంకు తీసి దూరంగా పెట్టాను. కార్బురేటర్ అడుగు గిన్నెలోని పెట్రోల్ వంపేసి, రెండు క్లాంపులూ వదులు చేసి, కేబుళ్లు ఊడదీయకుండానే దాన్ని పక్కకి జరిపాను. ఇంజిన్ వైపు తెరుచుకున్న రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కడం మాత్రం మరవకండి. అందులో చిన్న వాషర్ పడినా చాలా పెద్ద పని మీదపడుతుంది. తర్వాత ఫోన్ కెమెరా లోపలికి పెట్టి వీడియో తీసుకున్నాను. బోల్టు తల ఎటు తిరిగి ఉందో, ఏ సందులోంచి ఎక్స్‌టెన్షన్ (సాకెట్‌కీ రాచెట్‌కీ మధ్య తగిలించే కడ్డీ) నేరుగా పోతుందో కంటితో కంటే వీడియోలో బాగా తెలిసింది.

క్లాంపు స్క్రూల గురించి ఒక మాట. జపాన్ డిజైన్ బళ్లమీద ప్లస్ గుర్తు స్క్రూలు చాలావరకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. కొన్నిటి తలమీద చిన్న చుక్క కూడా ఉంటుంది. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా దిగదు, తిప్పగానే పైకి లేచి గాడి చెడగొడుతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోవడం మంచిది.

ఇక సాకెట్. ఇలాంటి చోట ఎక్కువగా ఎం6 (మర వ్యాసం 6 మిల్లీమీటర్లు) బోల్టులుంటాయి. తల 8 లేదా 10 మిల్లీమీటర్లు, బిగింపు సుమారు 10 న్యూటన్ మీటర్లు. అందుకే పావు అంగుళం (రాచెట్ చదరపు కొన కొలత) సెట్టు సరిపోతుంది, సన్నగా ఉంటుంది కాబట్టి సందులో దూరుతుంది. 12 మూలల సాకెట్ కాకుండా 6 మూలలది తీసుకోండి. రాచెట్ ఫ్రేము బయటికి వచ్చేదాకా ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలించండి. రాచెట్ పళ్లు కూడా చూసుకోండి. 72 పళ్లదైతే 5 డిగ్రీలు కదిలితే ఒక పన్ను పడుతుంది, 36 పళ్లదానికి 10 డిగ్రీలు కావాలి. సందు ఇరుకైనప్పుడు ఆ తేడా చాలా పెద్దది.

అయినా కదలకపోతే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ముందు బిగించే వైపు రవ్వంత తిప్పి, తర్వాత విప్పండి. తుప్పు పట్టు తెగడానికి ఇది బాగా పనిచేస్తుంది. అదీ కాకపోతే హాట్ ఎయిర్ గన్‌తో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయొచ్చు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. కానీ ట్యాంకు, కార్బురేటర్ రెండూ బండి మీద నుంచి పూర్తిగా తీసేసి, కొట్టిన ఆయిల్ తుడిచి, పెట్రోల్ వాసన ఏమాత్రం లేదని తేల్చుకున్నాకే గన్ పట్టుకోండి. ఈ విషయంలో ‘పర్వాలేదులే’ అనుకోవద్దు.

రెండు బోల్టులూ వచ్చాక కూడా మోటార్ కదలకపోతే భయపడకండి. లోపల ఓ-రింగ్ (రబ్బరు సీలు) పట్టి ఉంచుతుంది. చేత్తో అటూ ఇటూ తిప్పుతూ నేరుగా లాగండి. సుత్తితో కొడితే లోపలి అయస్కాంతాలు పగలొచ్చు.

తిరిగి పెట్టేటప్పుడు బోల్టు తలకి కొద్దిగా గ్రీజు రాసి సాకెట్‌లో పెడితే జారిపోదు. రాచెట్ లేకుండా ఎక్స్‌టెన్షన్‌ని వేళ్లతోనే తిప్పుతూ మర పట్టించండి. అల్యూమినియంలో మర వంకరగా పడితే బాగుచేయడం కష్టం. అందని బోల్టునే ముందు పట్టించండి. అందేదాన్ని ముందు బిగిస్తే వెనక రంధ్రాలు ఎదురెదురుగా రావు.

ఇంకా రాకపోతే బోల్టు తల ఏ రకమో, బండి ఏ మోడలో ఫోటోతో పాటు పెట్టండి, చూసి చెబుతాను.