పూతరేకుల తయారీ మీడియాకి చూపించాలంటే?

ప్రశ్న: మాది ఆత్రేయపురం అండీ, ఇంట్లోవాళ్లమే కలిసి పూతరేకుల బ్రాండ్ పెట్టుకున్నాం. విలేకర్లనీ యూట్యూబ్ వాళ్లనీ పిలిచి తయారీ చూపిద్దామనుకుంటున్నాం, రాజమండ్రిలో హోటల్ హాల్ తీసుకోమంటారా?

జవాబు: హాల్ వద్దండీ, మీ పొయ్యి దగ్గరికే పిలవండి. పల్చటి పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద అలా లాగగానే రేకు లేచొస్తుంది చూడండి, కెమెరాకి అంతకంటే ఏం కావాలి! అక్కడ వేడీ పొగా ఉంటాయి కాబట్టి అందర్నీ ఒకేసారి తోసేయకుండా నలుగురైదుగురు చొప్పున పంపండి, తలకి టోపీలివ్వండి, ఒకరిద్దరు విలేకర్లకి కూడా గుడ్డ చేతికిచ్చి రేకు వేయించండి, చిరిగినా పర్లేదు, ఆ పని ఎంత కష్టమో వాళ్లకే తెలుస్తుంది. రేకులు వేసే అక్కల్ని వీడియోలో చూపించొచ్చా అని ముందే అడగండి, వాళ్లు సరేనంటే పని గురించి వాళ్లనే మాట్లాడనివ్వండి, అది చాలా ముఖ్యం.

2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (భౌగోళిక సూచిక, అంటే ఆ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే) గుర్తింపు వచ్చిందిగా, అది తప్పకుండా చెప్పండి, కానీ ప్యాకెట్ మీద జీఐ లోగో వేయాలంటే ముందు అధీకృత వాడకందారుగా రిజిస్టర్ అవ్వాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ గోడకి కనపడేలా పెట్టండి. నెయ్యి, బెల్లం ఎక్కడ కొంటున్నారో, పూతరేకులు ఎన్నాళ్లు నిల్వ ఉంటాయో ఒక్క పేజీలో రాసి అందరికీ ఇవ్వండి.