దస్సాయ్ సాకే కంపెనీ అమ్మకాలు ఎంత? పది వేల కోట్ల యెన్ల లక్ష్యం అందుకోగలదా?

కొన్నాళ్లు హిరోషిమాలో ఉద్యోగం చేశాను. ఆఫీసు పార్టీల్లో దస్సాయ్ అనే సాకే (బియ్యంతో చేసే జపాన్ మద్యం) సీసా తరచూ కనిపించేది. అది తయారయ్యే ఇవాకుని దగ్గరే, పక్కనున్న యమగుచిలో. ఒక సెలవు రోజు వెళ్లి చూశాను. కొండల మధ్య చిన్న ఊరు, పక్కన ఏరు, అక్కడ పన్నెండు అంతస్తుల ఫ్యాక్టరీ!

2024 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో అమ్మకాలు సుమారు 1,950 కోట్ల యెన్లు, అంటే మన లెక్కలో దాదాపు 1,100 కోట్ల రూపాయలు. అందులో దాదాపు నలభై శాతం విదేశాల నుంచే. 1984లో తండ్రి పోయాక సకురాయ్ హిరోషి పగ్గాలు పట్టినప్పుడు ఇది పది కోట్ల యెన్లు కూడా లేదు.

ఆయన చవక సరుకు వదిలేసి, 1990లో దస్సాయ్ పేరుతో ఖరీదైన రకం మొదలుపెట్టారు. యమదనిషికి అనే సాకే బియ్యాన్ని గింజలో 23 శాతమే మిగిలేదాకా అరగదీసే రకం కూడా ఉంది. అసలు మలుపు మాత్రం ఒక దెబ్బతో వచ్చింది. 1999లో పెట్టిన బీరు రెస్టారెంటు మునిగింది, సాకే కాచే పెద్దమేస్త్రి, అంటే తోజి, వెళ్లిపోయాడు. దాంతో మామూలు ఉద్యోగులే ఉష్ణోగ్రతలు, కొలతలు రాసుకుంటూ తయారీ మొదలుపెట్టారు. చలికాలానికే పరిమితమైన పని ఏసీ గదుల్లో ఏడాదంతా సాగింది. మేస్త్రి చేతిలో ఉన్న విద్య కాగితం మీదికి వచ్చింది కాబట్టే, 2023లో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో ఇంకో ఫ్యాక్టరీ తెరవగలిగారు. అక్కడి 'దస్సాయ్ బ్లూ' కోసం ఆర్కాన్సాలో యమదనిషికి పండిస్తున్నారు కూడా.

ఇక లక్ష్యం సంగతి. 2024లో జపాన్ మొత్తం సాకే ఎగుమతులే సుమారు 4,350 కోట్ల యెన్లు. ఈ ఒక్క కంపెనీ పది వేల కోట్లు అంటోంది! స్వదేశంలో సాకే తాగేవాళ్లు 1970ల నుంచి తగ్గుతూనే ఉన్నారు, కాబట్టి పెరగాల్సింది బయటే. ఎగుమతులతోనే అక్కడికి చేరడం కష్టమని నా అభిప్రాయం.

రుచి అడ్డంకి కాదు. పళ్ల వాసనతో తేలిగ్గా ఉంటుంది, సాకే అలవాటు లేని నాకే నచ్చింది. మా ఆఫీసులో ఒక పెద్దాయన మాత్రం "ఇది సాకేనా, సెంటా?" అని నవ్వేవాడు. అసలు చిక్కు ఏమిటంటే, విదేశాల్లో సాకే ఇంకా ఎక్కువగా సుషీ హోటళ్ల పానీయమే. స్టేకుతోనో పాస్తాతోనో వైన్‌కి బదులు దీన్ని అడిగేవాళ్లు పెరగాలి. చంద్రుడి మీద సాకే చేస్తామన్న ప్రాజెక్టు పేపర్లలో ఫొటోలకు బాగుంటుంది, అంతే. నేనైతే హైడ్ పార్క్ సరుకు ఎన్ని మామూలు అమెరికన్ రెస్టారెంట్ల మెనూల్లోకి ఎక్కుతుందో చూస్తాను.

అన్నట్టు, పాత వార్తల్లో ఈ కంపెనీ పేరు అసాహి షుజో అని ఉంటుంది. 2025లో దస్సాయ్ అని మార్చుకున్నారు. అసాహి బీరుకీ దీనికీ సంబంధం లేదు.